హాజరు పట్టీలో మన పేరు

కిందటి వేసవి సెలవుల్లో, మా దగ్గర చదువుకుని బయటికెళ్లిన ఆరుగురు కుర్రాళ్లను వెంటబెట్టుకుని రాజమహేంద్రవరం వెళ్లాం. చిన్న పరిశ్రమలు పెట్టుకోవాలనుకునే ఎస్సీ, ఎస్టీ యువత కోసం అక్కడొక అవగాహన సదస్సు. పొద్దున్నే మారేడుమిల్లి నుంచి బస్సెక్కి, రంపచోడవరం, గోకవరం మీదుగా దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. హాల్లో ఏసీ, ముందు తెర, తెర మీద రంగురంగుల గడులు. ప్రభుత్వం ఏటా కొనే సరుకుల్లో, సేవల్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలని, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు కేటాయించారని చెప్పారు. 25 శాతం ఎప్పుడో దాటేశామని కూడా చెప్పారు. అందరితోపాటు మేమూ చప్పట్లు కొట్టాం. పక్కన కూర్చున్న కుర్రాడు, వాడిది కొండరెడ్ల కుటుంబం, చెవి దగ్గరకొచ్చి అడిగాడు: "మాస్టారూ, ఆ నాలుగులో మనోళ్లది ఎంత?"

మాకు తెలియలేదు. భోజనాల దగ్గర ఒక అధికారిని అడిగితే ఆయన మర్యాదగానే నవ్వి, "రెండూ కలిపే చూస్తామండీ" అన్నారు. ఇంటికొచ్చాక ఆ ఉత్తర్వు సంపాదించి, పక్కన నిఘంటువు పెట్టుకుని వారం రోజులు చదివాం. కుర్రాడి ప్రశ్నకు జవాబు రాసే గడి ఆ పట్టికలో అసలు గీయలేదని అప్పుడు అర్థమైంది.

ఇలాంటి వ్యాస సంపుటాల్లో మనం మామూలుగా కథల్ని, పాటల్ని విమర్శిస్తాం. మన బతుకును తప్పుగా రాసిన రచయితను నిలదీస్తాం. అంకెల జోలికి మాత్రం వెళ్లం. అంకె వర్షంలాగా పైనుంచి పడుతుందనుకుంటాం. దాన్ని కూడా ఎవరో ఒకరు కూర్చుని రాశారు, ఎవరిని ఎక్కించాలో ఎవరిని వదలాలో తేల్చుకుని రాశారు. అందుకని ఈసారి ఒక లెక్కనే విమర్శకు తీసుకున్నాం.

ముందు ఉత్తర్వు సంగతి. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం అని 2012లో వచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 20 శాతం ఈ సంస్థల నుంచి తీసుకోవాలన్నారు. 2015 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి అయింది. 2018లో 20ని 25 చేసి, మహిళల సంస్థలకు 3 శాతం అని చేర్చారు. ఎస్సీ, ఎస్టీల 4 శాతం మొదటి నుంచీ ఉంది. రాజమహేంద్రవరంలోని ఓఎన్‌జీసీ విభాగం లాంటివి దీని కిందికి వస్తాయి. రాష్ట్ర శాఖలు రావు, కట్టడం పనులూ రావు. చిన్న సంస్థలకు టెండరు ఫారం ఉచితం, ధరావతు కట్టక్కర్లేదు. అందరికంటే తక్కువ ధర వేసినవాడి కన్నా 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థ, ఆ తక్కువ ధరకే ఇస్తానంటే కొంత భాగం దానికి ఇవ్వాలి. చిన్న సంస్థల దగ్గర మాత్రమే కొనాలని 358 వస్తువుల్ని విడిగా జాబితా కట్టారు. అందులో చీపుర్లున్నాయి, పేము బుట్టలున్నాయి. అది చూసి మా కుర్రాళ్లకు ఎంత ఉత్సాహం వచ్చిందో చెప్పలేం. చీపుర్లు, బుట్టలు మనవే కదా!

మంచి ఉత్తర్వే. దాన్ని కొట్టిపారేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాం. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరుకు రాకపోయినా, వచ్చి షరతులకు నిలవలేకపోయినా, ధర దగ్గర కుదరకపోయినా, వాళ్ల 4 శాతాన్ని మిగతా చిన్న సంస్థలతో నింపుకోవచ్చని అందులో ఉంది. బడిలో ఇలాంటి వెసులుబాటు ఉంటే ఎలా ఉంటుందో తోటి ఉపాధ్యాయులు ఊహించుకోవచ్చు. కొండ మీది గూడెం పిల్లలు ఇవాళ రాలేదు, పక్క ఊరి పిల్లల్ని వాళ్ల వరసలో కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టి, మొత్తం సరిపోయిందని సంతకం పెట్టేశాం. మొత్తం నిజమే. ఆ మొత్తంలో గూడెం లేదు, అంతే.

ఆ 4 శాతం తప్పనిసరి చేశాక కూడా, ఉత్తర్వు వచ్చిన మొదటి పదేళ్లలో ఒక్క ఏడాదీ నిండలేదు. చాలా దూరంలోనే ఆగింది. దాన్ని నింపడానికే 2016లో జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ అని ఒకటి పెట్టారు. 25 శాతం నిండడం, 4 శాతం ఎండడం ఒకే పట్టికలో పక్కపక్కనే జరిగాయి. తెర మీద మొదటిదాన్ని పెద్ద అక్షరాల్లో చూపించారు, రెండోదాన్ని నోటితో చెప్పి దాటేశారు.

ఆ నాలుగులోనూ ఎస్సీ, ఎస్టీలది ఒకే గడి. మాల, మాదిగ అన్నదమ్ములతో మనకు తగువేమీ లేదు, వాళ్లకూ అందింది తక్కువే. కాని చెన్నైలో, పుణేలో ఫ్యాక్టరీ ఉన్న ఒక దళిత పారిశ్రామికవేత్తనూ, మారేడుమిల్లి పైన చీపుర్లు కట్టే కొండరెడ్డినీ ఒకే గడిలో పోసి కలిపితే, రెండోవాడు సున్నా అయినా ఆ గడి ఖాళీగా కనిపించదు. విచిత్రం ఏమిటంటే, ఉద్యమ్ నమోదు ఫారంలో ఎస్సీ, ఎస్టీ అని విడివిడిగానే అడుగుతారు. అడిగేటప్పుడు వేరు, లక్ష్యం దగ్గర ఒకటి.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. హాజరు పట్టీ ఎలా తయారవుతుందో మాకు తెలుసు. బొమ్మూరు డైట్‌లో శిక్షణ పొంది ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొండ మీది ఒక ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు. పట్టీలో 41 మంది. తరగతిలో ఎప్పుడూ 20 దాటేవారు కాదు. జీలుగు కల్లు రోజుల్లో ఇంకా తక్కువ. పైనుంచి తనిఖీ వస్తుందంటే ఆ 41నీ నిలబెట్టడానికి మేమూ కలం నడిపాం. బడి మూసేస్తారన్న భయంతో చేశాం. భయం నిజమైనదే, లెక్క మాత్రం అబద్ధం. అందుకే ఎక్కడైనా మొత్తం చక్కగా సరిపోయిందంటే మా చూపు ముందు దాని వెనకాల ఉన్న భయం మీదికి పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాం. ఈ పుస్తకం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ భాగాన్ని నిదానంగా చదవాలి.

మా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు ఇంటర్ తర్వాత చదువు ఆపేశాడు. తండ్రి లేడు, తల్లికి వితంతు పింఛను వచ్చేది. కింది ఊళ్ల నుంచి వచ్చే ఒక గుత్తేదారు వీడిని చేరదీశాడు. "నీ పేరు మీద లైసెన్సు చేయిద్దాం, ఎస్టీలకు పనులు విడిగా ఉన్నాయి, పెట్టుబడి నాది, నెలకు నాలుగు వేలు నీది" అన్నాడు. నాలుగు వేలు ఆ ఇంట్లో చిన్న డబ్బు కాదు. వీడు ఆధార్ ఇచ్చాడు, పాన్ కార్డు తీయించాడు, కుల ధ్రువపత్రం ఇచ్చాడు, చెక్కు పుస్తకం మొత్తం సంతకాలు పెట్టి ఇచ్చాడు. వీడి పేరు మీద రెండు ప్రహరీ గోడలు, ఒక కల్వర్టు, మూడు డ్రైన్లు కట్టారు. ఆ ఎం బుక్కుల్లో పొడవు, వెడల్పు, లోతు అన్నీ రాసి ఉన్నాయి. వీడు ఆ డ్రైను పనికే ఒకసారి వారం రోజులు కూలికి వెళ్లాడు. కాంట్రాక్టరు పేరు వీడిది, ఇసుక తట్ట మోసిందీ వీడే, కూలి డబ్బులు మాత్రం మేస్త్రీ దగ్గర తీసుకున్నాడు!

రెండేళ్లకు ఆ గుత్తేదారు రావడం మానేశాడు. జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయలేదని ఇంగ్లిషులో నోటీసు వచ్చింది. అంతకన్నా ముందే తల్లి పింఛను ఆగిపోయింది. సచివాలయానికి వెళితే, ఇంట్లో ఆదాయపు పన్ను దాఖలు చేసేవాళ్లున్నారని కంప్యూటర్ చెబుతోందన్నారు. వీడు ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బడికొచ్చి, పిల్లల బల్ల మీద కూర్చుని అడిగాడు: "మాస్టారూ, ఇంతకీ నేను కాంట్రాక్టరునా?"

లెక్క ప్రకారం అవును. 2019లో మన రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో సగం వెనుకబడిన తరగతులకు, ఎస్సీలకు, ఎస్టీలకు, మైనారిటీలకు ఇవ్వాలి. అందులో ఎస్టీల వాటా 6 శాతం. ఆ ఆరులో వీడు ఒకడు. ఏ సదస్సులోనైనా తెర మీద "లబ్ధి పొందిన ఎస్టీ యువత" అని అంకె పడితే, అందులోనూ వీడు ఒకడు. అసలు లబ్ధి ఎక్కడికి వెళ్లిందో వీడి బ్యాంకు పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. బిల్లు జమ అయిన రోజే, కొన్నిసార్లు అదే గంటలో, చెక్కు మీద మొత్తం బయటికి పోయింది. లెక్క కట్టేవాళ్లు ఆ పుస్తకంలో ఒక్క పేజీ తిరగేస్తే చాలు.

ఈ తంతు ఒక్క మా ఊరిది కాదు. తెలంగాణ వైపు గోదావరి ఒడ్డున ఇసుక రీచ్‌లను గిరిజన సహకార సంఘాలకు ఇవ్వడం మొదలైన దగ్గర్నుంచి, కాగితం మీద సంఘం, యంత్రాలూ లారీలూ పెట్టుబడీ బయటివాళ్లవి అన్న మాట పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. 1/70 చట్టం భూమికి కాపలా పెట్టింది. పేరుకు కాపలా పెట్టే చట్టం లేదు. భూమి పోతే ఊరంతా గోల పెడతాం. పేరు పోతే ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోం, సిగ్గు.

లెక్క ఇటు లేనివాడిని ఉన్నాడంటుంది, అటు ఉన్నవాళ్లను లేరంటుంది. మా పక్క గూడెంలో పన్నెండుమంది ఆడవాళ్లు అడ్డాకు విస్తళ్లు కుడతారు. తెల్లవారకముందే కొండెక్కి ఆకు కోసి, మధ్యాహ్నానికి దించి, నీడలో ఆరబెట్టి, సాయంత్రం వెదురు పుల్లలతో కుడతారు. వాళ్ల చేతులు చూస్తే ఎవరికైనా కుట్టడం తేలికే అనిపిస్తుంది. మేము ఒకసారి ప్రయత్నించాం, ఆకు చిరిగింది, వాళ్లు నవ్వారు. ఆ విస్తళ్లు గోకవరం సంతలో ఒక వ్యాపారి కొంటాడు. ఆయన వాటి వెనక కాగితం అంటించి, ప్రెస్సులో నొక్కి, గుండ్రంగా కత్తిరించి పట్నానికి పంపుతాడు. నొక్కే యంత్రం ఆయనది కాబట్టి తయారీదారు ఆయనే. ఉద్యమ్‌లో నమోదైంది ఆయనే. వట్టి వ్యాపారులకు 2021 నుంచి ఉద్యమ్ నమోదు ఇచ్చినా ఈ కొనుగోళ్ల సదుపాయం ఇవ్వలేదు, అది సరైన నిర్ణయమే. కాని ప్రెస్సు ఒకటి కొనుక్కుంటే వ్యాపారి తయారీదారవుతాడు. ఆకు కోసి కుట్టినవాళ్లు ముడిసరుకు అమ్మినవాళ్లవుతారు. ఆ విస్తరి ఏ ప్రభుత్వ వంటశాలకు వెళ్లినా, లెక్కలో ఆ పన్నెండుమందీ సున్నా.

వాళ్లతో సొంతంగా నమోదు చేయిద్దామని మేము పూనుకున్నాం. నమోదు ఉచితం, ఆధార్, పాన్ ఉంటే అరగంట పని. (రంపచోడవరంలో దీనికి పదిహేను వందలు అడిగినవాడున్నాడు. ఎవరూ ఇవ్వకండి.) సర్టిఫికెట్ వచ్చింది, రంగు ప్రింటు తీసి గూడెంలో గోడకు అంటించారు. తర్వాత ఒక టెండరు చూశాం. జిల్లా మొత్తానికి ఒకే టెండరు, ఒకే సరఫరాదారు. మూడేళ్ల వ్యాపారం లెక్క చూపాలి. గతంలో ఇదే పని చేసిన అనుభవం చూపాలి. సరుకు అన్ని చోట్లకూ సొంత ఖర్చుతో చేర్చాలి. ధరావతు అడగలేదు, ఫారం డబ్బూ అడగలేదు. గుమ్మం దగ్గర రుసుము తీసేసి, గుమ్మాన్ని ఆరడుగుల ఎత్తున కట్టినట్టుంది. మండలానికి ఒకటిగా విడగొట్టి ఉంటే ఈ పన్నెండుమందీ నిలబడగలిగేవారు. టెండరు ఎంత పెద్ద మూటగా కట్టారన్నది ఏ పట్టికలోనూ కనిపించదు. ఫలితం మాత్రం కనిపిస్తుంది: "ఎస్టీ సంస్థలు పాల్గొనలేదు" అని ఒక వాక్యం, దాని వెంటే ఇందాక చెప్పిన వెసులుబాటు.

బినామీ ఎందుకు పుడుతుందో కూడా ఆలోచించాలి. మన కుర్రాళ్లకు నీతి లేదని తిట్టడం తేలిక, సభల్లో మన పెద్దలే తిడుతుంటారు. పని చేశాక బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలనీ ఉంది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కాని వడ్డీ అడిగినవాడికి మళ్లీ పని ఇస్తారా అన్న భయం ముందు ఆ చట్టం మూగబోతుంది. ఆరు నెలలు ఆగగలిగినవాడికే పని దక్కుతుంది. ఆగాలంటే చేతిలో డబ్బుండాలి, లేదా బ్యాంకు అప్పివ్వాలి. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు కాబట్టి దాన్ని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు జంకుతాయి. ఆ చట్టాన్ని సడలించమని ఎవరైనా అంటే మేము అడ్డం నిలబడతాం. కాని దానికి బదులుగా బ్యాంకు మరో దారి చూపకపోతే, డబ్బున్నవాడు మన పేరు వెతుక్కుంటూ వస్తాడు, మనవాడు డబ్బు వెతుక్కుంటూ వెళతాడు, ఇద్దరూ సంతలో కలుస్తారు. కొనుగోలు లెక్కలో "బిల్లు పెట్టిన తేదీ, డబ్బు జమ అయిన తేదీ" అని రెండు గడులు చేరిస్తే, బినామీ ఎక్కడ పుడుతోందో ఎవరి సాక్ష్యమూ లేకుండా బయటపడుతుంది.

చిన్న అన్న మాట సంగతి కూడా చెప్పాలి. 2025 మార్చి 31 దాకా ఏడాదికి 50 కోట్ల వ్యాపారం దాటని సంస్థ చిన్నది. ఏప్రిల్ 1 నుంచి ఆ గీత 100 కోట్లు. సూక్ష్మ సంస్థ గీత 5 కోట్ల నుంచి 10 కోట్లకు జరిగింది. అంటే 90 కోట్ల వ్యాపారం చేసే సంస్థ ఒక రాత్రి నిద్రపోయి లేచేసరికి చిన్నదైపోయింది. పెద్ద గీతలకు కారణాలు వాళ్లు చెబుతారు, కొన్ని సరైనవే కావచ్చు. కాని వచ్చే ఏడాది 25 శాతం ఇంకా బాగా దాటామని తెర మీద చూపిస్తే, కొత్తగా ఒక్క విస్తరి కూడా కొనకుండానే ఆ పెరుగుదల రావచ్చని మనం గుర్తుంచుకోవాలి. సంతలో తాతలు చింతపండు ఇచ్చేటప్పుడు షావుకారు తన కుంచం తానే తెచ్చుకునేవాడు. మా తాత ఆ కుంచం అడుగు తట్టి చూసేవాడట. మనకు ఆ అలవాటు పోయింది.

ఇదంతా మన దేశంలోనే జరుగుతోందనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడి ఆదివాసుల వ్యాపారాల కోసం 2015 జూలై 1న ఒక కొనుగోలు విధానం తెచ్చింది. అక్కడి లక్ష్యం కాంట్రాక్టుల సంఖ్యలో 3 శాతం. సంఖ్య త్వరగానే నిండింది, ఎందుకంటే వెయ్యి డాలర్ల కాంట్రాక్టూ ఒకటే, కోటి డాలర్ల కాంట్రాక్టూ ఒకటే. సంఖ్యతో పని జరగడం లేదని 2019 నుంచి విలువ మీద కూడా లక్ష్యం పెట్టారు. అది 1 శాతంతో మొదలైంది. సంఖ్యలో 3, విలువలో 1. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూస్తే చాలు, పై చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. అక్కడా ముందు ఆదివాసి పేరు పెట్టి వెనక వేరేవాళ్లు నడిపే సంస్థలున్నాయి, వాటికొక ప్రత్యేకమైన పేరు కూడా పెట్టుకున్నారు. సగం వాటా ఉంటే చాలన్న పాత నిబంధనను అందుకే బిగించారు. మన దగ్గర 51 శాతం అన్నారు. బాగుంది, కాని మా కుర్రాడి సంస్థలో వాడి వాటా నూటికి నూరు! అమెరికాలో చిన్న సంస్థల లక్ష్యం 23 శాతం. ఏటా శాఖలకు మార్కులు వేసి ప్రకటిస్తారు. ఆ లెక్కలో పెద్ద సంస్థలకు వెళ్లిన డబ్బు చిన్నవాళ్ల ఖాతాలో రాసి ఉందని అక్కడి ప్రభుత్వ తనిఖీ అధికారులే పలుమార్లు బయటపెట్టారు. మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ బయటపెట్టడమే.

మన కొండల్లో గుత్త కొత్త మాటేమీ కాదు. 1879 రంప పితూరీకి కారణాల్లో ఒకటి కల్లు పాట. ప్రభుత్వం కల్లు మీద వసూలు హక్కును కింది నుంచి వచ్చిన పాటదార్లకు గుత్తకిచ్చింది. మన చెట్టు, మన కల్లు, వసూలు వాళ్లది. 1922లో గూడెం కొండల్లో తిరుగుబాటు లేవడానికి ముందు రోడ్డు పనులున్నాయి. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన ఆ పనుల్లో మనవాళ్లు చాలీచాలని కూలికి రాళ్లు మోశారు. అప్పుడు గుత్త కాగితం మీద మన పేరు లేదు, మోత మనది. ఇప్పుడు కాగితం మీద పేరు కూడా మనదే. వందేళ్లలో ఇంత మార్పు వచ్చింది!

అయితే లెక్క కట్టే అధికారం కొంత మన చేతుల్లోనే ఉంది, వాడుకోవడం లేదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ ఖర్చుపెట్టిన నిధులకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సింది గ్రామసభ. మా ఊళ్లో అది ఎలా జరుగుతుందంటే, కార్యదర్శి పుస్తకం తెస్తాడు, మనవాళ్లు వేలిముద్రలు, సంతకాలు పెడతారు, టీ తాగుతారు. పైన ఏముందో ఎవరూ చదవరు. చదవడం వచ్చిన మేము కూడా ఏళ్ల తరబడి చదవలేదు, ఉద్యోగం గుర్తొచ్చి.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. రాజమహేంద్రవరంలో ఘాట్లు, రోడ్లు, పందిళ్లు, విస్తళ్లు, బుట్టలు, చీపుర్లు ఎన్ని కొంటారో ఎవరైనా ఊహించవచ్చు. ఆ కొనుగోళ్లలో మన వాటా ఎంతని పుష్కరాలయ్యాక అడిగితే ఎవరో ఒక మొత్తం చెబుతారు. ఇప్పుడే అడగాలి. ఏ సరుకును ఎన్ని మూటలుగా విడగొడుతున్నారు, ఎస్టీలని విడిగా రాస్తున్నారా, బిల్లు తేదీలు రాస్తున్నారా అని. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు మించదు, తెల్లకార్డు పేదలకు అదీ లేదు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు సెలవుల్లో ఒక్కొక్క ఊరి పనుల జాబితా తెచ్చి చదివితే చాలు. అందులో పెద్ద గణితమేమీ లేదు, ఐదో తరగతి కూడికలే.

మా ఊళ్లో ఆ పని మొదలుపెట్టాం. సదస్సుకు వచ్చిన ఆరుగురూ జాబితా తెచ్చారు. కిందటి ఆగస్టు గ్రామసభలో కార్యదర్శి పుస్తకం తెరవగానే, సంతకాలకు ముందు పనులన్నీ బయటికి చదవమని అడిగాం. ఆయన చిరాకుపడలేదు, ఆశ్చర్యపోయాడంతే. చదవడం మొదలుపెట్టాడు. ఎవరు చేశారు, ఎంత, ఎప్పుడు. ఒక్కొక్కటీ కుర్రాళ్లు తమ నోటు పుస్తకంలో సరిచూసుకున్నారు. రెండో వీధి డ్రైను దగ్గరకొచ్చేసరికి మా కుర్రాడి పేరు వచ్చింది. జనం వాడి వైపు చూశారు. వాడు ఏమీ అనకపోతే బాగుండునని మాలో కొందరికి అనిపించింది, ఒప్పుకుంటే కేసు వాడి మీదికే వస్తుందేమోనన్న భయం. వాడు లేచి నిలబడ్డాడు. "పేరు నాది. పని నాది కాదు. అట్లాగే రాసుకోండి" అన్నాడు.

కార్యదర్శి కలం పట్టుకుని పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ గడిలో రాయమంటారు?" అని మమ్మల్ని అడిగాడు. పేరుకు గడి ఉంది, మొత్తానికి ఉంది, కొలతలకు ఉంది. వెనక కూర్చున్న విస్తళ్లు కుట్టే ఆమె, "పక్కన తెల్లగా ఉంది కదయ్యా, అక్కడ రాయి" అంది. ఆయన పేజీ అంచున, చిన్న అక్షరాలతో రాశాడు.